నీటికి బదులు

రాత్రి తొమ్మిదిన్నరకు
చివరి స్ట్రెచర్ చక్రాల చప్పుడు లిఫ్టులోకి పోయాక
బంకరు తలుపు మూస్తాం, నేనూ మద్దిలేటీ.
అంత మందం కాంక్రీటు దాటి
కర్నూలు ఎండాకాలం కూడా లోపలికి రాలేదు.

అట్టపెట్టెలో పన్నెండు పలకలు.
చర్లపల్లిలో ఎవరో కుర్రాళ్లు పోసిన రెసిన్.
జున్ను రంగు, అడుగు పొడవు, అడుగు వెడల్పు,
రెండు సెంటీమీటర్ల మందం.
మీద కాగితం అంటించి పంపారు: నీటికి సమానం.

నీటికి ఏది సమానమో
ఈ ఊళ్లో చెప్పడం కష్టం.
ఒక ఏడు తుంగభద్ర మా మిద్దె మెట్లెక్కి వచ్చి
అమ్మ కుట్టుమిషన్ తీసుకుపోయింది.
మిగతా ఏళ్లన్నీ
రోజు విడిచి రోజు, గంటన్నర కొళాయి.

పోయిన నెల దాకా నిజం నీళ్లలోనే కొలిచేదాన్ని.
తొట్టికి నలభై లీటర్లు, బిందె వెనక బిందె.
కొలత అయ్యాక పైపు పెట్టి మోరీలోకి వదులుతుంటే
వరండాలో ఖాళీ సీసాతో కూర్చున్న ముసలాయన
"మిషను తాగినంక మిగిలినయి
మాకన్నా పోయి తల్లీ" అన్నాడు.
ఆ రాత్రే ఈ పలకల కోసం ఉత్తరం రాశాను.

మద్దిలేటిది బేతంచెర్ల.
వాళ్ల నాయన నాపరాళ్ల గనిలో పనిచేశాడు.
పలకల్ని పేరుస్తుంటే చూడాలి,
ఒకదాని మీద ఒకటి, నడుమ కాగితమంత గాలి కూడా లేకుండా,
చాంబరు దూరే గాడి ఉన్నదాన్ని మధ్యలో పెట్టి,
అరచేత్తో ఒకసారి నిమిరి.

నిన్న నీళ్లలో కొలిచిన లోతే. వంద యూనిట్లు.
నీళ్లిచ్చిన అంకె పక్కన పలకలిచ్చిన అంకె రాశాను.
ఒకటిన్నర శాతం ఎక్కువ.

గది వేడి చూశాను. గాలి పీడనం చూశాను.
కేబులు ఊడదీసి మళ్లీ తగిలించాను.
ఒకటిన్నరే.
కూరలో ఉప్పయితే నాలుక్కి తెలియను కూడా తెలియదు.
ఇక్కడ నిద్ర పట్టదు.

నేను అడగలేదు.
మద్దిలేటి ఒక్కో పలకనూ నిలబెట్టి, చెవి ఆనించి,
వేలి కణుపుతో కొడుతున్నాడు.
టక్. టక్. టక్.
ఏడోదాని దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు.
"ఇది బోలు పలుకుతాండాది మేడమ్.
మా నాయనైతే దీన్ని బండెక్కనియ్యడు."

నమ్మలేదు. సీటీకి మోసుకుపోయాం.
మనుషులు పడుకునే బల్ల మీద పలక పడుకుంది.
తెర మీద బూడిద రంగు,
నడిమికి కాస్త ఎడమగా
నల్లగా, వేరుశెనక్కాయంత గాలి.
పోసేటప్పుడు ఎవడో తొందరపడ్డాడు, బహుశా అన్నం వేళ.
కిరణం అక్కడ
కంచెలో సందు దొరికిన మేకలా దూకేసింది.

దాన్ని తీసి వేరొకటి పెట్టాం.
తేడా వెయ్యికి మూడు.
ఇంకోసారి, మూడు. ఇంకోసారి, రెండు.
రిజిస్టరులో పరీక్ష పద్ధతి అన్నచోట
తట్టి చూడడం అని రాశాను,
కొట్టేశాను,
మళ్లీ రాశాను.

పొద్దున ఎనిమిదికి మొదటి పేరు మాబున్ని, కోడుమూరు.
గొంతు. ఇరవై మూడో రోజు.
వల లాంటి మాస్కు ముఖానికి బిగించబోతే
చేయి అడ్డం పెట్టి, కొంగు ముడిలోంచి చెంచా తీసి చూపించింది.
"నీల్లు గూడా దిగడం లేదు మేడమ్,
దీంతో పోసుకుంటాండా."

మా లెక్కల్లో ఆమె గొంతు కూడా నీళ్లే.
వెయ్యికి మూడు తేడాతో
సరిగ్గా కాలుస్తున్నాం.
ఆ మాట ఆమెతో ఎట్లా చెప్పను?

ఏడో పలక ఇప్పుడు వరండాలో ఉంది,
మంచినీళ్ల క్యాను కింద పీటగా.
బయటికొచ్చిన మాబున్ని అక్కడ గోడకానుకుని
చెంచాడు పట్టి, ఒంపి,
కళ్లు మూసుకుంది.

ఆ గుటక దిగేదాకా
మద్దిలేటి రెండో పేరు పిలవలేదు.